దిగని కండక్టరమ్మ

పొద్దున్నే నాలుగున్నరకి లేచి నస్రీన్ చేసే మొదటి పని రెండు సీసాల్లో నీళ్ళు నింపడం. ఒకటి మొగుడు ఫరూక్‌కి, ఒకటి తనకి. ఫరూక్ సీసా సాయంత్రానికి ఖాళీగా వస్తుంది, మూత ఎక్కడో పారేసుకుని మరీ. నస్రీన్ సీసా మాత్రం ఎలా వెళ్ళిందో అలాగే వస్తుంది. తెనాలి చూసి, బాపట్ల చూసి, ఎండకి కాగి రేపల్లె చేరిన ఆ నీళ్ళని ఆమె పెరట్లో కరివేపాకు మొక్కకి పోసేస్తుంది. "మన కరివేపాకు యోగమే యోగం, రోజూ బాపట్ల నుంచి నీళ్ళు తెప్పించుకుని తాగుతోంది," అని ఫరూక్ నవ్వుతాడు. నవ్వి, చెంబెడు నీళ్ళు గటగటా తాగి, తీరిగ్గా దొడ్డివైపు నడుస్తాడు. ఆ నడిచే తీరు చూస్తే నస్రీన్‌కి ఒళ్ళు మండుతుంది. మొగుడు పరాయి ఆడదాని వంక చూస్తే మండాల్సినంత మంట. దొడ్డివైపు వెళ్ళే మనిషిని చూస్తే ఎందుకిలా మండుతోందో మొదట్లో ఆమెకే తెలిసేది కాదు.

తర్వాత తెలిసింది. అది కుళ్ళు. పచ్చి కుళ్ళు.

నస్రీన్ బస్సు కండక్టరు. డ్రైవరుగా డ్యూటీలో ఉండగానే నాన్న వజీర్ పోతే, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇస్తామన్నారు. మగపిల్లలు లేరు గనక ఆమెకి వచ్చింది. అప్పుడు ఇరవై రెండేళ్ళు, ఇప్పుడు ముప్ఫై ఒకటి. రేపల్లెలో ఎక్కితే తెనాలి, తెనాలి నుంచి చుండూరు మీదుగా బాపట్ల, మళ్ళీ అదే దారిన వెనక్కి. చేరిన నెలలో ఆమె మొదట నేర్చుకున్న పని టికెట్లు కొట్టడం కాదు, నీళ్ళు తాగకపోవడం. పొద్దున్న అరగ్లాసు టీ, దవడలో ఒక లవంగం, మధ్యాహ్నం మూడింటిదాకా అంతే. పెద్ద బస్టాండుల్లో ఆడవాళ్ళ గది ఉంటుంది, ఎందుకుండదు. కానీ బస్సు ఆగేది ఎనిమిది నిమిషాలు, అందులో కంట్రోలరు సంతకానికి నాలుగు. మిగిలిన నాలుగు నిమిషాల్లో మెళ్ళో డబ్బుల సంచీ, చేతిలో టికెట్ల ట్రే పట్టుకుని పరిగెత్తాలి. సంచి ఎవరి చేతికీ ఇవ్వకూడదు, అది రూలు. లోపలికెళ్ళాక ఆ సంచి ఎక్కడ తగిలించాలో, ట్రే ఎక్కడ పెట్టాలో రూలు రాసిన మహానుభావుడు రాయలేదు. వాడికా అవసరం ఎప్పుడూ పడి ఉండదు.

డ్రైవరు నరసింహారావుకి ఏ గదీ అవసరం పడదు. ఆయనది కాకుమాను, యాభై దాటిన మనిషి, మంచివాడే. చుండూరు దాటి నాలుగు తుమ్మచెట్లు కనపడగానే బస్సు దానంతటదే పక్కకి ఒరిగిపోతుంది.

"రెండే రెండు నిమిషాలు అమ్మాయ్, ఇంజన్‌కి నీళ్ళు పోసొస్తా."

"ముందున్న ఇంజన్‌కి వెనక్కెళ్ళి పోస్తావేంటయ్యా నరసింహారావూ!" అని వెనక సీట్లోంచి ఎవరో అరుస్తారు. బస్సంతా గొల్లున నవ్వుతుంది. ఆయన వెనకే ఏడెనిమిదిమంది మగాళ్ళు దిగి, వరసగా, పొలాల వైపు తిరిగి, ఆకాశం చూస్తూ నిలబడతారు. బస్సులో ఆడవాళ్ళంతా ఒక్కసారిగా రెండో వైపు కిటికీలోకి తల తిప్పేసుకుంటారు. ఆ వైపు చూడ్డానికేమీ ఉండదు, ఒట్టి కాలవగట్టు. అన్ని వందలసార్లు చూసీ చూసీ ఆ గట్టు మీద ఏ తుంగ ఎక్కడ మొలిచిందో నస్రీన్‌కి కంఠతా వచ్చేసింది.

ఆ రెండు నిమిషాల్లో ఆమెకి పుట్టే అసూయకి అంతు లేదు. నరసింహారావు మీద, ఆ వరస మీద, బీడీ నోట్లోనే ఉంచుకుని పని కానిచ్చే ముసలాయన మీద. గట్టు మీద గేదె తోకెత్తితే ఆ గేదె మీద. ఒకసారి ఒక తల్లి తన ఆరేళ్ళ పిల్లని దింపి టైరు పక్కన కూచోబెడితే ఆ పిల్ల మీద కూడా! ఇదేం పాడుబుద్ధి అల్లా, అని తనే చెంపలేసుకుంది. రేపల్లె స్టేషన్ దగ్గర ఫరూక్ ఫ్యాన్లు, మిక్సీలు బాగుచేసే షాపు వెనక ఒక గోడ ఉంది. 'ఇచ్చట మూత్రము పోయరాదు' అని నల్లరంగుతో రాసి ఉంటుంది. ఆ రాత చూసినా ఆమెకి కుళ్ళే. పోయొద్దని బతిమాలించుకునేంత హక్కు వాళ్ళది. ఆడవాళ్ళకోసం అలాంటి గోడ ఊళ్ళో ఎక్కడైనా ఉందా? ఎవరూ రాయరు. ఆపుకుంటారని అందరికీ తెలుసు.

ఇంట్లో ఈ మాట ఎత్తితే అత్తగారు కరీమాబీ బుగ్గన తమలపాకు ఇటు నుంచి అటుకి మార్చి అనేది, "మా కాలంలో ఎవరు వెళ్ళారే పగలు? పొద్దు గుంకాల్సిందే. ఆరుగురు పిల్లల్ని కన్నా, ఒక్కనాడూ మీ మామకి తెలీనివ్వలేదు." అదొక పతకంలాగా చెప్పేది. ఫరూక్ అయితే, "నీకేంటి, కూచుని చేసే ఉద్యోగం, కిటికీ గాలి. మా షాపులో కూచో, తెలుస్తుంది," అనేవాడు. ఆ షాపు వెనకే ఆ గోడ.

జనవరిలో భద్రతా వారోత్సవాలని డిపోలో బ్యానరు కట్టారు. డ్రైవర్లకి కళ్ళ పరీక్ష, బీపీ, ప్రమాదాలు చెయ్యనివాళ్ళకి స్టీలు బిందెలు. చివర్లో డాక్టరుగారు మైకు పట్టుకుని, "మీ అందరికీ నేను చెప్పేది ఒక్కటే, రోజుకి మూడు లీటర్ల నీళ్ళు తాగండి," అన్నాడు. వెనక వరసలో కూర్చున్న తొమ్మిదిమంది ఆడ కండక్టర్లు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. వాళ్ళలో రిబ్కా ముందు కిసుక్కుమంది. ఇంక అంతే, అందరూ నోళ్ళకి కొంగులు అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. "ఏంటమ్మా ఆ నవ్వు, ఆరోగ్యం గురించి చెప్తుంటే?" అని ట్రాఫిక్ సూపర్‌వైజరు గోపాలకృష్ణ కసిరాడు. సర్దుకుని కూర్చున్నారు.

ఆ నవ్వుల్లో ఒక్క పిల్ల మాత్రం నవ్వలేదు. లేచి నిలబడింది. "తాగుతామండీ డాక్టరుగారూ, తాగాక ఎక్కడికెళ్ళాలో కూడా చెప్పండి," అంది.

సాయిసుధ. తెనాలి పిల్ల, ఇరవై నాలుగేళ్ళు, డిగ్రీ చదివి కాంట్రాక్టు కండక్టరుగా చేరి ఆర్నెల్లు కాలేదు. డాక్టరుగారు దగ్గి మైకు పక్కవాళ్ళకి ఇచ్చేశాడు. కానీ నస్రీన్ లోపల ఎక్కడో చురుక్కుమంది. తను తొమ్మిదేళ్ళుగా మింగిన మాట ఆ పిల్ల ఎంత తేలిగ్గా ఉమ్మేసింది!

తర్వాత సుధ గురించి కథలు కథలుగా వినపడ్డాయి. ఆ పిల్లది అడవులదీవి బస్సు. అందరి ముందే సీసా ఎత్తి నీళ్ళు తాగుతుందట. అవసరమైతే దారిలో ఏ ఇంటి ముందో, "డ్రైవరుగారూ, ఆపండి," అని దిగి, "అక్కా, మీ బాత్రూమ్ ఒకసారి వాడుకుంటా," అని అడిగేస్తుందట, సంచీ ట్రేతో సహా లోపలికి పోతుందట. "ప్యాసింజర్లు ఏమీ అనరా బాబాయ్?" అని నస్రీన్ నరసింహారావుని అడిగింది. "ఏమంటారమ్మాయ్, మొదట్లో నవ్వారంట. ఇప్పుడు ఆడోళ్ళు కూడా దిగుతున్నారంట ఆ పిల్లతో." ఆయన మెచ్చుకోలుగానే చెప్పాడు. ఆ మెచ్చుకోలు నస్రీన్ గుండెల్లో తుమ్మముల్లులా దిగింది. తొమ్మిదేళ్ళు. తొమ్మిదేళ్ళలో తన గురించి ఎవరైనా ఏమన్నారు? 'నస్రీన్ బంగారం, ఒక్కసారి కూడా బస్సు దిగదు.' అదే కదా తన కీర్తి. మొగుడి మీద కుళ్ళు, గేదె మీద కుళ్ళు ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. మగాళ్ళకైతే దేవుడు అలా ఇచ్చాడు, సరే. దీనికెవడిచ్చాడు? దీనికీ నాకూ ఒకటే ఒళ్ళు కదా!

మే నెలలో ఒకరోజు సుధ సెలవు పెడితే నస్రీన్‌ని అడవులదీవి బస్సుకి వేశారు. నడినెత్తిన ఎండ. ఆ ముందురోజు నుంచే ఆమెకి పొత్తికడుపులో సన్నగా మంట. ఊరి మొదట్లో ఒక రేకుల ఇంటి ముందు బస్సు దానంతటదే ఆగింది, డ్రైవరు అలవాటు మరి. లోపల్నుంచి ఒక పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. అన్నమ్మట పేరు.

"సుధమ్మ రాలేదా? నీళ్ళు తోడి పెట్టానే బకెట్లో." నస్రీన్ మొహం చూసింది. ఆడది ఆడదాని మొహం చూస్తే తెలియనిదేముంటుంది! "పోన్లే, నువ్వు రా తల్లీ. సంచీ పెట్టుకోడానికి బల్ల కూడా ఉంది లోపల."

బల్ల! సుధ కోసం బల్ల కూడా వేశారు. నస్రీన్‌కి ఒక్క క్షణం కాళ్ళు మెట్టు మీదికి జారాయి. దిగితే చాలు, పది అడుగులు. కానీ ఆ బకెట్టు సుధమ్మ కోసం తోడింది. ఆ బల్ల సుధమ్మ కోసం వేసింది. సుధమ్మ ఎంగిలి మర్యాద నాకెందుకు?

"అవసరం లేదండి," అంది. "రైట్, రైట్!" అని విజిల్ వేసింది. బస్సు కదులుతుంటే పొత్తికడుపు పట్టుకుని కిటికీలోకి చూసింది. అన్నమ్మ ఇంకా వాకిట్లోనే నిలబడి చూస్తోంది, జాలిగా. ఆ జాలి చూసి ఇంకా మండింది.

డిపోకి వచ్చేసరికి ఆరు నిమిషాలు ఆలస్యం. రూటు కొత్త, చిల్లర గొడవలు, మామూలే. "నీ బస్సు లేటవడమేంటి నస్రీన్, ఎప్పుడూ లేదే?" అన్నాడు గోపాలకృష్ణ. అప్పుడు ఆమె నోటమ్మట ఆ మాట వచ్చేసింది. అనాలని అనుకోలేదు. అన్నాక వెనక్కి తీసుకోలేదు కూడా.

"ఆ బస్సుకి ఇళ్ళ ముందు ఆగడం అలవాటైపోయింది సార్. ఎందుకో సుధనడగండి."

ఆ రాత్రే చలిజ్వరం పట్టుకుంది. మూడోరోజుకి మంచం దిగలేకపోతే ఫరూక్ తెనాలి తీసుకెళ్ళాడు. స్కానింగ్ కాగితం చూసి డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఏం ఉద్యోగం?" చెప్పగానే ఆవిడ కలం కింద పెట్టేసింది. "ఇన్ఫెక్షను కిడ్నీదాకా పాకింది. ఇంకోసారి ఒంటిని ఇలా ఎండగట్టావంటే కిడ్నీ ఉండదు. మందులు నేనిస్తా, నీళ్ళు మాత్రం నువ్వే తాగాలి. రెండు గంటలకోసారి వెళ్ళాలి. అర్థమైందా?" ఫరూక్ బయటికొచ్చాక స్కూటరు స్టార్ట్ చేస్తూ, "ఈ జబ్బు సంగతి డిపోలో చెప్పకు. నవ్వుతారు," అన్నాడు. దారిలో స్కూటరు ఆపి, చెట్టు చాటుకి వెళ్ళొచ్చాడు. చెట్టు చాటు కూడా కాదు, చెట్టు పక్కకి.

పదిరోజుల తర్వాత డ్యూటీకి వెళ్తే గోపాలకృష్ణ తనే ఎదురొచ్చి, "రామ్మా నస్రీన్, కూచో," అన్నాడు. కూచోమనడం తొమ్మిదేళ్ళలో అదే మొదటిసారి. సంగతి ఏంటంటే సాయిసుధకి మెమో ఇచ్చారు. సొంత పనికి బస్సు ప్రైవేటు ఇళ్ళ ముందు ఆపుతోందని, కాంట్రాక్టు రద్దు చెయ్యబోతున్నారని. ఆ పిల్ల ఊరుకుంటుందా, ఆడవాళ్ళకి సౌకర్యాలు లేవు కాబట్టే ఆపానని జవాబు రాసింది, పైఆఫీసుకి ఒక కాపీ కూడా పంపింది. పైనుంచి వివరణ అడిగారు. "అందుకని సీనియర్ లేడీ కండక్టరుగా నువ్వొక స్టేట్‌మెంట్ ఇవ్వాలమ్మా. ఏమీ లేదు, ఉన్నదే. తొమ్మిదేళ్ళుగా చేస్తున్నావు, ఏ ఇబ్బందీ లేదు, అంతే. టైపు చేయిస్తున్నా. అన్నట్టు నీకు ఒంట్లో బాగోలేదటగా? ఈ సంతకం అయిపోతే ఆఫీసులో డ్యూటీ వేయించేస్తా, ఇంక ఎండలో తిరగక్కర్లేదు."

ఆఫీసు డ్యూటీ! ఫ్యాను కింద కుర్చీ. నస్రీన్‌కి కిడ్నీ గుర్తొచ్చింది, డాక్టరమ్మ గుర్తొచ్చింది. వాటికంటే ముందు, నిజం చెప్పాలంటే, సంతోషం వచ్చింది. అనుభవించనీ. నేను పడలేదా! ఆ సంతోషం నోట్లో బెల్లంముక్కలా కరుగుతోంది. టైపు అయ్యేదాకా బయట బెంచీ మీద కూచోమన్నారు. అటెండరు యలమంద కూజాలోంచి గ్లాసు నీళ్ళు తెచ్చిచ్చాడు. రోడ్డు మీద లేదు కదా, ఇంక భయమేంటని తాగింది. ఇంకో గ్లాసు అడిగి తాగింది. చల్లటి కూజా నీళ్ళు గొంతులోంచి దిగుతుంటే ప్రాణం లేచొచ్చింది. మూడో గ్లాసు కూడా తాగింది.

అప్పుడొచ్చింది సాయిసుధ. మెమో తాలూకు కాగితాలు గుండెకి అదుముకుని, ఖాళీ లేనట్టు బెంచీ చివర ఒదిగి కూర్చుంది. పక్కనుంచి చూస్తే పిల్ల మరీ చిన్నగా ఉంది. కళ్ళ కింద నలుపు.

"బావున్నారా అక్కా? జ్వరమొచ్చిందన్నారు."

నస్రీన్ తల ఊపింది. ఉండబట్టలేక అంది, "మా టైములో ఎవరాపారే బస్సులు? అందరం చెయ్యలేదూ ఉద్యోగాలు!"

అన్నాక ఉలిక్కిపడింది. ఆ గొంతు తనది కాదు, అత్తగారిది. తమలపాకు ఒక్కటే తక్కువ.

సుధకి కోపం రాలేదు. అదే ఆశ్చర్యం. "అదే అక్కా, అదే నేనూ అడుగుదామనుకున్నా. మీరు తొమ్మిదేళ్ళు ఎలా ఆపుకున్నారక్కా? నాకు చేతకాలేదు. చేరిన వారం రోజులు ప్రయత్నం చేశా. చీర పాడైపోయింది బస్సులోనే. పిల్లలు నవ్వారు. సార్‌ని అడగడానికెళ్తే ఏమన్నారో తెలుసా? నస్రీన్‌ని చూసి నేర్చుకో అన్నారు. మా డ్రైవరు అదే అన్నాడు, ఇంట్లో నాన్న కూడా అదే అన్నాడు. ఒక్కసారి కూడా దిగదటగా, నస్రీన్‌ని చూసి నేర్చుకో. అక్కా, మీ పేరు వింటే నాకెంత కుళ్ళొచ్చేదో తెలుసా!"

నస్రీన్ ఆ పిల్ల వంక తిరిగింది. ఈ పిల్లకి, నా మీద! ఏం చూసి? నిండుగా తిరిగొచ్చే సీసాని చూసా, పిండుతున్న పొత్తికడుపుని చూసా, స్కానింగ్ కాగితాన్ని చూసా? తన ఓర్పు తనదే అనుకుంది ఇన్నాళ్ళూ. పొద్దున తనతో వెళ్ళి సాయంత్రం తనతోనే ఇంటికొస్తుందనుకుంది. అది తనకి తెలియకుండా ఊరంతా తిరుగుతోంది, ఈ పిల్ల నెత్తిన మొట్టికాయలు వేస్తూ. రేపు ఇంకో పిల్ల చేరుతుంది. దానికీ వేస్తుంది. అన్నమ్మ వాకిట్లో ఎందుకంత జాలిగా నిలబడి చూసిందో ఇప్పుడర్థమైంది. "ఇళ్ళ ముందు ఆగుతోందని చెప్పింది నేనే," అని చెప్పేద్దామనుకుంది.

"నస్రీనమ్మా, సార్ పిలుస్తున్నారు," అన్నాడు యలమంద.

లోపల గోపాలకృష్ణ కాగితం ముందుకి తోసి కలం ఇచ్చాడు. ఇంకో ఇద్దరు గుమాస్తాలు బల్లల దగ్గరున్నారు. నస్రీన్ నిలబడే చదివింది. 'నస్రీన్ అను నేను గత తొమ్మిది సంవత్సరములుగా కండక్టరుగా పనిచేయుచున్నాను. డిపో ఆవరణలోను, ఆఫీసులోను మహిళా సిబ్బందికి తగిన మరుగుదొడ్డి సౌకర్యము కలదు. నాకు ఏనాడును ఎట్టి ఇబ్బందియు కలుగలేదు.'

"చూసేదేముందమ్మా, పెట్టేయ్. కుర్చీ రెడీగా ఉంది," అని కిటికీ పక్క ఖాళీ కుర్చీ చూపించాడు.

మంచి కుర్చీ. ఫ్యాను సరిగ్గా దాని మీదే తిరుగుతోంది. ఎనిమిది గంటలు కూర్చోవచ్చు. కూర్చుని, రెండు గంటలకోసారి లేచి... లేచి ఎక్కడికి? ఆమె మొదటిసారి ఆ ఆఫీసంతా కలియజూసింది. తలుపులు మూడు. ఒకటి బయటికి. ఒకటి రికార్డుల గది. ఒకటి మేనేజరుగారి గదిలోకి, దానికి తాళం. బయట గోడ వెనక మగవాళ్ళ దొడ్ల వరస ఒకటుంది, తలుపు లేనిది.

లోపల మూడు గ్లాసుల నీళ్ళూ కదిలాయి. తొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ ఒళ్ళు దానంతటదే బిగుసుకుంది, పళ్ళు కరుచుకున్నాయి, కాలి వేళ్ళు చెప్పుల్లో ముడుచుకున్నాయి. ఒక సంతకం ఎంతసేపు? ఇంకో పావుగంట ఆపుకోగలదు. ఇంకో గంట ఆపుకోగలదు. కావాలంటే ఇంకో తొమ్మిదేళ్ళు. అందులో ఆమెని మించినవాళ్ళు లేరు.

తలుపు సందులోంచి బెంచీ చివర సుధ పాదాలు కనపడుతున్నాయి, ఒకదాని మీద ఒకటి వేసుకుని.

నస్రీన్ కలానికి మూత పెట్టింది. కాగితం తిప్పి గోపాలకృష్ణ ముందు పరిచి, 'కలదు' అన్న చోట వేలు పెట్టింది.

"ఇదెక్కడుందో ఒకసారి చూపించండి సార్. వెళ్ళొచ్చి సంతకం పెడతా."

ఆయన నవ్వబోయి ఆగాడు. గుమాస్తాలు తలలెత్తారు. "ఇప్పుడు అదెందుకమ్మా?" అన్నాడు గొంతు తగ్గించి.

తొమ్మిదేళ్ళలో మగాళ్ళ ముందు, అందరికీ వినపడేలా, ఆమె ఎన్నడూ అనని మాట అది. అంది.

"నాకిప్పుడే వస్తోంది సార్."